ఏసుదానం తిరుగుడు కమ్మీ

సాలూరులో లారీ ఇంజను విప్పి మళ్లీ బిగించగలిగేవాళ్లు వీధికి నలుగురుంటారు. పొట్టేలు పక్కటెముకలు కాల్చేవాడు మాత్రం ఏసుదానం ఒక్కడే. ఈ మాట మొదట ఎవరన్నారో తెలియదు గానీ, అందరికంటే ఎక్కువసార్లు అన్నది ఏసుదానమే.

గొప్పలు చెప్పుకున్నా ఆయన చెప్పింది నిజమే, కాదనలేం. నూర్పులయ్యాక వాళ్ల పేట చర్చిలో కోతల పండుగ చేస్తారు. కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు తెచ్చి వేదిక ముందు పెడతారు. ఆరాధన అయ్యాక భోజనాలు. ఆ భోజనాల్లో పప్పు ఎవరు వండారు, సాంబారు ఎవరు కాచారు అని ఎవరూ పట్టించుకోరు. పక్కటెముకలు దిగాయా లేదా అనే అడుగుతారు. సగానికి కోసిన డ్రమ్ముల్లో చింతబొగ్గులు రాజేసి, మీద ఇనుప జాలీ పరిచి, పెరుగూ అల్లమూ మిరియాలూ పట్టించిన పక్కటెముకలు దాని మీద పేర్చి, పట్టకారుతో తిప్పుతూ ఉంటాడు ఏసుదానం. ఒక్క నిమిషం పక్కకు వెళ్లినా కొవ్వు కారి మంట లేస్తుంది, మాంసం మాడుతుంది. ముందే కాల్చి పెట్టేద్దామా అంటే, చల్లారిన పొట్టేలు కొవ్వు నోట్లో మైనంలా అంటుకుంటుంది.

కాబట్టి పెళ్లయిన నాటి నుంచీ కోతల పండుగ ఆరాధనలో ఆయన కూర్చున్నది లేదు. చర్చి వెనక గోడ పక్కన పొగలో నిలబడేవాడు. ఏసుదానం ఆరాధన పొగ రూపంలో నేరుగా పైకే పోతుందని పాస్టరు గారు వేళాకోళం చేసేవారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పట్టకారు తన స్నేహితుడు అప్పలసూరి చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్లాడు. అప్పలసూరికి బ్యాటరీల దుకాణం ఉంది, సెల్ ఫోనులో మాట్లాడే జబ్బు కూడా ఉంది. ఏసుదానం తిరిగొచ్చేసరికి బొగ్గులేవో మాంసమేదో తెలియలేదు. ఆ తర్వాత ఆ పట్టకారు ఇంకో చేతికి వెళ్లలేదు.

ఇప్పుడు కుమారి సంగతి చెప్పాలి. కుమారి ఆయన భార్య. ఇంట్లో కుట్టు మిషను మీద జాకెట్లు కుడుతుంది, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మంచి గొంతు. పండుగలో ఆమె పాట పాడిందంటే లోపల ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారని ఏసుదానానికి వేరేవాళ్లు చెబితేనే తెలుసు. ఆమె పాడుతుంటే ఆయనకు వినిపించేది నిప్పుల చిటపట.

ఈ ఏడాది పండుగలో వాక్యం చెప్పమని, అంటే ప్రసంగం చేయమని, పాస్టరు గారు కుమారిని అడిగారు. ఆ వేదిక ఎక్కి ఒక ఆడమనిషి వాక్యం చెప్పడం ఆ పేటలో ఇదే మొదలు. కుమారి ఇంటికొచ్చి, మొగుడికి అన్నం పెట్టి, ఆ మాట చెప్పి, మెల్లగా అంది: "ఈపాలి నువ్వు లోపల కూకోవాల మావా. ముందు బల్ల మీద. నాకు బయ్యంగున్నాది."

"కూకుంటానే," అన్నాడు ఏసుదానం, ముద్ద నములుతూ.

మర్నాడు తన మెకానిక్కు షెడ్డులో లారీ కింద పడుకుని బోల్టులు విప్పుతుంటే తను ఒప్పుకున్నదేమిటో తలకెక్కింది. అంత కాలం కాపురంలో కుమారి ఆయన్ని ఏదీ ఇమ్మని అడగలేదు. అడిగింది ఇదొక్కటి. అటు చూస్తే ఆ పక్కటెముకలు తప్ప ఆయనకంటూ ఊళ్లో ఇంకో పేరు లేదు. ఈసారికి వాటితో కూర వండించేద్దామని కుమారే అంది. ఏసుదానం మొహం గంటు పెట్టుకున్నాడు. ఇంకొకరికి అప్పగించడమా, అప్పలసూరి ఉదంతం చాలదా? ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాడు. తిప్పడానికే గదా మనిషి కావలసింది. ఆ తిప్పేదేదో దానంతట అదే తిరిగితే సరి.

షెడ్డు మూల పాత ఇనుములో ఓ లారీ వైపరు మోటారు పడి ఉంది. అప్పలసూరి దగ్గర పాత బ్యాటరీలు తెచ్చాడు. పొడవాటి స్టీలు కమ్మీ ఒకటి సంపాదించి, జాలీ తీసేసి, డ్రమ్ముకు అటూ ఇటూ ఇనుప పంగలు వెల్డింగ్ చేసి, కమ్మీని వాటి మీద ఆనించి, చివర మోటారు తగిలించాడు. అంతా అయ్యాక కుమారిని పిలిచి, చూడు మరి అన్నట్టు నిలబడి స్విచ్చి వేశాడు. కమ్మీ సగం చుట్టు తిరిగింది. ఆగింది. వెనక్కి తిరిగింది. మళ్లీ ముందుకు సగం, మళ్లీ వెనక్కి. లారీ అద్దం తుడవడానికి అటూ ఇటూ ఊగే ఇనుప చేతులతో సహా మోటారును బిగించేశాడు మహానుభావుడు. ఇన్నేళ్లుగా వందలాది లారీలకు బిగించిన చేతికి ఇంకో రకంగా బిగించడం తోచలేదు.

"వానొస్తే పనికొస్తాది," అంది కుమారి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఏసుదానం నవ్వలేదు. ఆ చేతులు ఊడబీకి, మోటారు ఇరుసును తిన్నగా కమ్మీకి కలిపాడు. ఇప్పుడు గుండ్రంగానే తిరిగింది గానీ మరీ జోరుగా తిరిగింది. రెండు బ్యాటరీల మీద నడిచే మోటారుకు ఒక్కటే ఇచ్చి చూశాడు, నెమ్మదించింది. అదీ చాలక మోటారుకు సైకిలు చిన్న పళ్లచక్రం, కమ్మీకి పెద్ద పళ్లచక్రం పెట్టి గొలుసు వేశాడు. దాంతో తాపీగా తిరగడమే కాదు, మోటారు వేడికి దూరంగా కూడా జరిగింది. ఆ రోజు షెడ్డుకొచ్చిన డ్రైవర్లందరికీ లారీ సంగతి తర్వాత, ముందు ఇది చూడండని చూపించాడు.

మాంసం కట్టాక అసలు గొడవ మొదలైంది. పక్కటెముకల పలకను కమ్మీకి ఒక పక్కన కట్టాడు. బరువున్న వైపు కమ్మీ గబాలున కిందికి దిగేది. పైకి లేవడానికి మోటారు మూలిగేది, గొలుసు జారిపోయేది. రెండో పక్కన లారీ చక్రం నట్లు బరువుకు వేలాడదీశాడు. కొవ్వు కరిగి మాంసం తేలికయ్యే కొద్దీ ఆ తూకమూ తప్పింది. నట్లు కలుపుతూ తీస్తూ ఏసుదానం చిరాకుతో ఉడికిపోయాడు. పండుగ దగ్గర పడుతోంది. మాట ఇచ్చి తప్పిన మొగుడినవుతానేమో, లేకపోతే చేతకాని వంటవాడినవుతానేమో అని అన్నం సరిగ్గా తినడం మానేశాడు.

కుమారి మాంసం కడుగుతూ ఇదంతా చూస్తోంది. ఇంట్లోకి మాంసం వస్తే కోసి కడిగేది ఆమే.

"పొట్టేలులో ఇయ్యి ఎలాగున్నాయో అలాగే కట్టి సూడు మావా," అంది. "కుడిపక్కదీ ఎడంపక్కదీ ఎదురెదురుగా. కడుపున్న కాడ కమ్మీ పెట్టు."

ఏసుదానం ఆమె చేతిలోని మాంసం వైపు చూశాడు. తర్వాత లేచి ఇంట్లోకి వెళ్లి స్టీలు పళ్లేలు తెచ్చాడు. వాటి మధ్యన బెజ్జం వేసి కమ్మీకి గుచ్చి, అంచుల చుట్టూ సన్నటి బెజ్జాలు పెట్టి, రెండు వైపుల పక్కటెముకలను వాటికి తీగలతో కట్టాడు. ఒక పొట్టేలు మళ్లీ గుండ్రంగా తయారైంది. స్విచ్చి వేస్తే ఎగుడుదిగుడు లేకుండా, మూలుగు లేకుండా తిరిగింది. కొవ్వు కూడా మంటలోకి కారకుండా మాంసం చుట్టూరా పాకుతూ దానిలోకే ఇంకింది. ఏసుదానం పట్టలేని సంతోషంతో వీధివీధంతా పిలుచుకొచ్చాడు. దేవుడు ముందే తూకం వేసి పెట్టాడనీ, దాన్ని తను కనిపెట్టాననీ చెప్పాడు. కుమారి దగ్గితే, తామిద్దరం కనిపెట్టామని సవరించాడు.

పండుగనాడు పొట్టేళ్ల పక్కటెముకలు కమ్మీకి వరసగా కట్టి, నిప్పులు సర్ది, కుక్కలు రాకుండా గేటు వేసి, ఏసుదానం తెల్ల చొక్కా తొడుక్కుని ముందు బల్ల మీద కూర్చున్నాడు. కిటికీలోంచి గొలుసు చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఒక చెవి అక్కడే ఉంచాడు.

కుమారి వేదిక ఎక్కింది. మొదట గొంతు వణికింది. తర్వాత తన తల్లి గురించి మొదలుపెట్టింది. ఆ తల్లి బతుకంతా ఒకరి చేలల్లో కోతలు కోసింది. పండుగకు తేవడానికి తనదంటూ బస్తా ఎప్పుడూ ఉండేది కాదు, అందుకని చర్చిలో వెనకే నిలబడేది. ఒక ఏడాది కోసిన మడిలో రాలిన గింజలు ఏరుకుని, కొంగున కట్టి తెచ్చింది. ఏసుదానం ఆ అత్తగారి చేతి అన్నం తిన్నాడు, ఆమెను మట్టి చేసిన రోజు పాడె మోశాడు. ఈ సంగతి మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే గొలుసు చప్పుడు ఆగిపోయింది.

మెకానిక్కు చెవి. బ్యాటరీ తీగ ఊడిందని కూర్చున్నచోటే తెలిసిపోయింది. తీగ తగిలించడం ఎంత పని? పరుగున వెళ్లి చిటికెలో రావచ్చు. కిందివైపు మాంసం మీద బుడగలు లేస్తున్నట్టు కళ్లకు కట్టింది, లేవడానికి కాళ్లు వాటంతటవే వెనక్కి ముడుచుకున్నాయి. తల ఎత్తితే కుమారి తనవైపే చూస్తోంది. ఆ చప్పుడు ఆమెకూ బాగా తెలిసిందే. చెబుతున్న మాట మధ్యలో ఆపేసింది. ఏసుదానం రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, బల్లకు ఇంకాస్త నిటారుగా ఆనుకుని కూర్చున్నాడు.

కుమారి అందుకుంది. "పండించినోడి పేరు బస్తా మీద ఉంటాది. కోసినోల పేరు ఏ బస్తా మీదా ఉండదు. మాయమ్మ గుప్పెడు గింజలు దేవుడి ముందర పెట్టి, ఇది నాది అన్నాది." ఆ తర్వాత ఆమె గొంతు వణకలేదు. ఏసుదానం ఛాతీ ఉప్పొంగింది. ఈవిడ నా భార్య అని లేచి నిలబడి అందరికీ చెప్పాలనిపించింది.

భోజనాల దగ్గర చూస్తే పక్కటెముకలు ఒకవైపు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, రెండోవైపు నల్లగా మాడిపోయాయి. జనం మాడింది గీకి, మంచిది తిని, మెషిను గురించి అడిగారు. ఏసుదానం మెషిను గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అడిగినవాళ్లకల్లా అత్తగారి గుప్పెడు గింజల కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. భోజనానికొచ్చిన అప్పలసూరికి ఈ అవకాశం మళ్లీ రాదని తెలుసు. పళ్లెం చేత్తో పట్టుకుని, అందరూ వినేలా అడిగాడు: "సప్పుడు ఆగితే నీకు ఇనపడలేదేటిరా?"

"ఇనపడింది," అన్నాడు ఏసుదానం. "మా ఆవిడ మాటాడతన్నాది. ఎలా లెగుస్తాన్రా?"

అని బాగా నల్లబడ్డ ముక్క ఏరి తన పళ్లెంలో వేసుకుని తిన్నాడు.