మోచేతి మేడం, నా అర సెంటీమీటరు

కర్మన్‌ఘాట్‌లో మేము మెట్ల కింద కాపురమున్న ఆ రోజుల్లో, ఎత్తు అనేది కలిగినవాళ్ళ వ్యవహారమని నా గట్టి నమ్మకం. మెట్ల కింద అని మాటవరసకు అనడం లేదు, నిజంగానే మెట్ల కింద. మూడంతస్తుల ఇంటికి పైకెక్కే మెట్లుంటాయి కదా, వాటి అడుగున మిగిలిన జాగాకు ఒక తలుపు బిగించి, ఒక బల్బు వేలాడదీసి, ఇంటాయన మాకు కిరాయికిచ్చాడు. నాన్న పోయాక పోచంపల్లి దగ్గరి ఊరి నుంచి పట్నం వచ్చిన మా అమ్మకూ నాకూ ఆ గదే మహాభాగ్యం. అందులో ఒక పక్కన నిలబడొచ్చు, మధ్యలో వంగాలి, పొయ్యి దగ్గరికొచ్చేసరికి కూర్చోవాలి. దర్వాజ మరీ పొట్టిది. నేను లోపలికొచ్చినా బయటికెళ్ళినా అమ్మ ఏ పనిలో ఉన్నా సరే "తల పైలం!" అని కేకేసేది. ఆ కేక పుణ్యమా అని పదేళ్ళలో ఒక్కసారి కూడా నా తల ఆ దర్వాజకు తగల్లేదు. "నా బిడ్డకు ఒక్క బుడిపె గూడ కానియ్యలే" అని అమ్మ వాడకట్టులో గొప్పగా చెప్పుకునేది (మిగతా తల్లులు ర్యాంకుల గురించి చెప్పుకునేవాళ్ళు).

అలాంటి ఇంటి నుంచి నేను పోలీసునవుతానని బయల్దేరాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో చీరలకు జాకెట్ ముక్కలు జతచేసే ఉద్యోగం నాది. పగలంతా చిలకాకుపచ్చకూ పిస్తా రంగుకూ తగువు తీర్చి, పొద్దున్నా సాయంత్రం పరుగు ప్రాక్టీసు చేశాను. పరుగులో నాకు తిరుగులేదు, కదిలిపోయే సిటీ బస్సులను పట్టుకుని పెరిగిన కాళ్ళు మరి! కానీ మొదటిసారి మైదానానికి పోతే అసలు పరుగు దాకా రానివ్వలేదు. ఎత్తు కొలిచే పలక కింద నిలబెట్టి, పైనున్న చెక్కను తలమీదికి జార్చి, "అర సెంటీమీటర్ తక్కువున్నవమ్మా. సీదా నిలబడు" అంది కొలిచే మేడం. "సీదానే నిలబడ్డ మేడం" అన్నాను, అమ్మతోడు, నిలబడ్డాననే అనుకున్నాను. ఆవిడ మళ్ళీ జార్చింది. మళ్ళీ అర సెంటీమీటరే. ఒక చీమ తలంత ఎత్తు కోసం నన్ను ఇంటికి పంపేశారు. వచ్చే నోటిఫికేషనే నాకు ఆఖరుది, ఆ పైన వయసు దాటిపోతుంది.

ఆ రోజు అమ్మకంటే మా బావ ఎక్కువ ఏడ్చాడు. మీర్‌పేట్‌లో ఉంటాడు, మా అక్క భర్త, ట్రాలీ ఆటోలో చీరల మూటలు తోలతాడు. నా ఎత్తు బాధ్యత ఆ రోజు నుంచి తన నెత్తినేసుకున్నాడు. "రోజు పొద్దుగాల వేలాడు పిల్లా, సాగుతవ్" అన్నాడు. మా దర్వాజకు వేలాడితే మోకాళ్ళు నేలకు ఆనేవి. అందుకని తన ట్రాలీ కమ్మీకి వేలాడదీశాడు. వాడకట్టు పిల్లలు చుట్టూ చేరి లెక్కపెట్టేవాళ్ళు. చేతులు సాగాయేమో తెలియదు గానీ నేను మాత్రం సాగలేదు.

అప్పుడే దొరికింది మోచేతి మేడం. దొరకడమంటే ఆవిడే వచ్చింది, వంగపండు రంగు చీరకు జాకెట్ ముక్క కోసం. గుంటూరు వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి, కొబ్బరిచెట్టులా నిటారుగా నిలబడింది. నేను నాలుగు ముక్కలు తేవడానికి నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరిగాను. ముక్క తీసుకుని, డబ్బులిచ్చి, పోతూ పోతూ ఆగింది.

"ఏమ్మా, మెడ నొప్పా?"

"ఉంటది మేడం. మీకెట్ల తెలుసు?"

"తల పాదాలకంటే ముందు నడుస్తోంది కదమ్మా నీకు. ఆదివారం రా, చూస్తాను."

ఆవిడది అదే పని. సందులో కోచింగ్ పిల్లల హాస్టల్ పైన ఒక గది, గదిలో ఒక బల్ల. బిగుసుకుపోయిన కండరాలను లోతుగా ఒత్తి, మనిషిని మళ్ళీ సక్రమంగా నిలబెట్టే వైద్యం. మాలిష్ అంటే ఊరుకునేది కాదు. నేను వెళ్ళగానే నా అర సెంటీమీటరు కథంతా చెప్పి కాళ్ళావేళ్ళా పడ్డాను. "చూడమ్మా, ఎత్తు పెంచడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. ముడుచుకున్న దాంట్లో ఏమైనా దాక్కుని ఉంటే వెతుకుతాను. అంతే" అంది. అంత నిజాయితీగా ఎవరైనా మాట్లాడితే నాకు అనుమానం. అయినా బల్లెక్కాను.

తర్వాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఆవిడ అరచేతులతో మెత్తగా మొదలుపెట్టింది, నేను హాయిగా కళ్ళు మూసుకున్నాను. ఇంతలో భుజం కింద మోచెయ్యి ఆనించి, తొందర లేకుండా, పిండిలో వేలు దిగినట్టు దింపింది. "అవ్వా! సచ్చిన్రో!" అని నేను పెట్టిన కేకకు కింద హాస్టల్ వార్డెన్ చీపురు పట్టుకుని పైకొచ్చింది. "నేనేం చెయ్యలేదమ్మా, ఈ అమ్మాయి పోలీసవుతుందంట" అంది మేడం నింపాదిగా. వార్డెన్ నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. "ఊపిరి బిగబట్టకు తల్లీ, వదిలెయ్. నువ్వు వదిలితేనే నేను లోపలికెళ్ళగలను" అంటూ మేడం మళ్ళీ మొదలుపెట్టింది. పక్కటెముకలూ, నడుమూ, తొడల వెనకా, ఎక్కడెక్కడ ఎన్నేళ్ళ వంగుడు పేరుకుందో అక్కడల్లా ఆ మోచెయ్యి వెళ్ళింది. దిగాక నడిస్తే నా కాళ్ళు ఎవరివో అనిపించింది. ఎందుకో ఏడుపొచ్చింది. ఆవిడ మంచినీళ్ళిచ్చింది.

అలా ఎన్నో ఆదివారాలు. మెడ నొప్పి పోయింది. గట్టిగా ఊపిరి పీలిస్తే కడుపు దాకా దిగుతోంది. అద్దంలో చూసుకుంటే నా మెడ కనిపిస్తోంది (అంతకు ముందు నాకు మెడ ఉందని వినికిడి మాత్రమే). ఒక ఆదివారం గోడకు ఆనించి నిలబెట్టి, ఎంతో చూద్దామని మేడం తన అరచేతిని నా తలమీదికి దించింది. అంతే, నా మెడ తాబేలు తలలా భుజాల్లోకి పోయింది. చెయ్యి తీసింది, మెడ బయటికొచ్చింది. దించింది, లోపలికి పోయింది. నాకు తెలియనే తెలియదు! అద్దం తెచ్చి చూపిస్తే గానీ నమ్మలేదు.

"మీ గుమ్మం ఎంత ఎత్తుంటుందమ్మా?" అంది.

మెట్ల కింది గది గురించి, అమ్మ కేక గురించి చెప్పాను. మేడం అద్దం పక్కన పెట్టింది. తర్వాత, "వీపు నా మాట విందమ్మా. తల మాత్రం ఇంకా మీ అమ్మ మాటే వింటోంది. ఆ రోజు నిన్ను కొలిచిన చెక్కకీ ఇలాగే దండం పెట్టి ఉంటావు" అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ చెక్క మీద కాదు, నా మీదే. ఇక నెల రోజులు ఒకటే పని. ఆవిడ అరచెయ్యి దింపుతుంది, నేను ఊపిరి వదిలి, మడమలు కదపకుండా, నడినెత్తితో దాన్ని వెతుక్కుంటూ పైకెళ్ళాలి. "దర్వాజ కాదమ్మా, నా చెయ్యి. నా చెయ్యి" అని ప్రతిసారీ అనేది. విసుక్కోలేదు, ఒక్కసారి కూడా.

కొలతల రోజు తెల్లారగానే బావ ట్రాలీ తెచ్చాడు. నిలబడ్డా కూర్చున్నా ఎత్తు తగ్గుతుందని ఎవరో చెప్పారట. "మైదానం దాక నువ్వు పండుకోనే రావాలె" అని చీరల మూటల మీద నన్ను పడుకోబెట్టి, జారకుండా దుప్పటి కప్పాడు. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ దుప్పటి చూసి హడలిపోయి ఆపాడు.

"ఏమైందే? దవాఖానకా?"

"కాదు సార్, మా మరదలు. పోలీస్ సెలక్షన్‌కు. ఎత్తు కాపాడుకుంటున్నం."

నేను దుప్పటిలోంచే నమస్తే పెట్టాను. ఆయన పగలబడి నవ్వి దారిచ్చాడు. "జర మెల్లగ పో, గుంతలల్ల ఎత్తు రాలిపోతది!"

పలక కింద నిలబడ్డాను. పైనుంచి చెక్క జారుతోంది. చెవిలో "తల పైలం!" వినిపించింది, ఒట్టు, అమ్మ గొంతే. మెడ లోపలికి పోబోయింది. ఊపిరి వదిలాను. చెక్క కాదు, మేడం చెయ్యి అనుకున్నాను. దాన్ని వెతుక్కుంటూ పైకెళ్ళాను. నడినెత్తికి చల్లగా తగిలింది. "సరిపోయిందమ్మా, పో, పరుగుకు పో" అన్నారెవరో. పరుగు సంగతి చెప్పక్కర్లేదు, ఆ రోజు నన్ను ఏ బస్సూ అందుకునేది కాదు.

ఇంటికొచ్చాను. బావ హారన్ కొడుతూనే ఉన్నాడు. లోపల అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నా మొహం చూసింది, విషయం అర్థమైంది, సంతోషంలో పదేళ్ళ కేక మర్చిపోయింది. నేనూ వంగడం మర్చిపోయాను. తల ఎత్తుకుని నేరుగా దర్వాజలోకి నడిచాను. ఠంగుమంది! చుక్కలు కనిపించాయి. అమ్మ లేచొచ్చి, కొంగు ముద్దచేసి, నోటితో ఊది వెచ్చగా నా నుదుటి పైన అదుముతూ, "అయ్యో బిడ్డా, ఎన్నడు తగల్లేదు గదనే నీకు!" అని ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. నేను కూడా.

మరుసటి ఆదివారం ఆ బుడిపెను తీసుకెళ్ళి మోచేతి మేడంకు చూపించాను. ఆవిడ వేళ్ళతో తడిమి, కళ్ళు తుడుచుకుని, "నా పనికి ఇంతకంటే సర్టిఫికెట్ ఏముందమ్మా. దీన్ని మాత్రం నేను ఒత్తను" అంది. ఆవిడకు నేనేమిచ్చినా చాలదు. అప్పుడు వంగపండు రంగు జాకెట్ ముక్క ఇంకోటిచ్చాను, చాలదని తెలిసే ఇచ్చాను.

ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటున్నాం. ఇక్కడి తలుపుల్లోంచి బావ ట్రాలీ కూడా పోతుందేమో, అంత ఎత్తు. అయినా నేను యూనిఫాం వేసుకుని డ్యూటీకి బయల్దేరితే అమ్మ వంటింట్లోంచి ఇప్పటికీ "తల పైలం!" అంటుంది. నేను కొంచెం వంగుతాను, ఆమె కోసమూ, ఆ మెట్ల కింద పదేళ్ళు బుడిపె లేకుండా పెరిగిన పిల్ల కోసమూ. గడప దాటాక ఊపిరి వదిలి, మేడం చెయ్యి తగిలేదాకా పైకి లేచి, టోపీ పెట్టుకుంటాను.