సెలవుకు జర్మన్ మాట

మొగిలయ్యది అన్నోజిగూడ. నాచారంలో డబ్బా మూతలు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను మీద పని. ఎనభై ఏడులో కొత్త మిషను బిగించడానికి జర్మనీ నుంచి ఉల్రిక్ అనే మెకానిక్ వస్తే, ఆయనకు సాయంగా మొగిలయ్యను వేశారు.

ఉల్రిక్‌కు ఇంటి మీద బెంగ. అన్నం వేళ పర్సులోంచి ఫొటోలు తీసేవాడు. సముద్రపు ఒడ్డు చూపించి 'ష్ట్రాంట్' అనేవాడు. పెట్టె చూపించి 'కోఫర్'. ఇసుకలో పడుకున్న భార్యాపిల్లల మీద వేలు పెట్టి 'ఉర్లౌబ్' అన్నాడు. అంటే సెలవు. పండుగ రోజు 'ఫైయర్‌టాగ్'. లేదనడానికి 'కైన్'. మొగిలయ్య వాటిని సైకిలు తొక్కుతూ వల్లెవేసేవాడు.

"గా మాటలతోని బువ్వొస్తదా ఏంది?" అని భార్య నవ్వేది.

"మనం గూడ ఒకపారి సముద్రం సూడాలె" అనేవాడు.

సద్దుల బతుకమ్మ నాడు ఫ్యాక్టరీకి సెలవివ్వలేదు. ఆర్డరు ఉందని సూపర్‌వైజర్ దామోదర్ గేటుకు తాళం వేయించాడు. సాయంత్రం బయట ఆడవాళ్ళ పాటలు వినిపిస్తుంటే ఉల్రిక్ అడిగాడు.

"ఫైయర్‌టాగ్?"

"ఆఁ, ఫైయర్‌టాగ్. మాకు కైన్ ఉర్లౌబ్" అన్నాడు మొగిలయ్య.

ఉల్రిక్ మొహం ఎర్రబడింది. తిన్నగా యజమాని గదిలోకి వెళ్ళి బల్ల గుద్ది అరిచాడు. కాసేపటికి గేటు తెరిచారు.

మర్నాడు పొద్దున, ఉప్పల్ దాటి నాచారం మళ్ళే చోట, దామోదర్ ఇద్దరిని వెంటేసుకొచ్చి సైకిలుకు అడ్డం నిలబడ్డాడు.

"తెల్లోనికి నా మీద సాడీలు జెప్తవురా?"

"సాడీలు గాదన్నా. పండుగని జెప్పిన, గంతే."

ఇనుపరాడ్డు మోకాలి మీద పడింది. కూలిపోగానే నోటి మీద తన్నారు. పళ్ళు ఊడి నోరంతా నెత్తురైంది. దామోదర్ అతని కుడిచేతిని బండ మీద పెట్టి బూటుతో తొక్కిపట్టి, రాయి ఎత్తాడు.

"జెప్పు బిడ్డా, ఇప్పుడు జర్మన్ల జెప్పు!"

ఆ చెయ్యి పోతే పని పోయినట్టే. ఎడమచేతికి పక్కన పడ్డ సైకిలుకు బిగించిన పంపు తగిలింది. ఊడబెరికి విసురుగా కొట్టాడు. దెబ్బ వంగి ఉన్న దామోదర్ కంటి మీద పడింది. రాయి జారిపోయింది, వెంట వచ్చినవాళ్ళు పారిపోయారు. మొగిలయ్య ఆగలేదు. పడిపోయిన మనిషి మీద కూర్చుని, పంపు వంకరపోయేదాకా మొహం మీద బాదుతూనే ఉన్నాడు. డ్యూటీకి వస్తున్నవాళ్ళు వెనక నుంచి లాగారు.

"ఇడువ్, మొగిలన్నా! సచ్చిపోతడు!"

దామోదర్ బతికాడు కానీ ఆ కన్ను పోయింది. మొగిలయ్యకు జైలు పడింది. ఉల్రిక్ పోలీస్ స్టేషన్‌కు వచ్చి ఎంత చెప్పినా ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆయన తన దేశం వెళ్ళిపోయాడు.

జైలుకు వచ్చిన భార్య ఊచల అవతల నిలబడి అడిగింది. "ఆడు కిందవడ్డంక గూడ ఎందుకు గొట్టినవ్?"

"తెల్వది" అన్నాడు మొగిలయ్య.

బయటికొచ్చాక వంగని మోకాలితో ఉప్పల్‌లో పంక్చర్ల దుకాణం పెట్టుకున్నాడు. ఆమె ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. కానీ అతను కోపంగా గొంతెత్తిన ప్రతిసారీ పిల్లల్ని తీసుకుని పక్కింట్లోకి వెళ్ళిపోయేది.