ఎడమ చేతి రేడియో

యాక్సిడెంట్ అయ్యాక మా తమ్ముడు తనంతట తాను నాకు ఫోన్ చేయడం అదే మొదలు. సూర్యాపేటలో నేను ఫిజిక్స్ చెప్పే జూనియర్ కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. తెర మీద వాడి పేరు చూడగానే పెన్ను పక్కన పెట్టేశాను. ఫోన్ మోగితే మంచి వార్తే అయి ఉంటుందని మా ఇంట్లో ఎవరమూ అనుకోని రోజులవి. వాడు మాత్రం బాగున్నావా అని కూడా అడగకుండా, "అక్కా, నాకొక రేడియో సెట్టు కావాలె. ఏది కొనాల్నో నువ్వు సూసి చెప్పు," అన్నాడు.

పాటలు వినే రేడియో అనుకున్నాను. కాదు. థర్మాకోల్ షీట్లు కోసి చిన్న విమానం ఒకటి చేస్తున్నాడట. బ్యాటరీతో తిరిగే మోటారు పెడతాడట. కింద నిలబడి దాన్ని నడిపే రిమోటు, విమానం లోపల దాని మాట వినే రిసీవరు, ఈ రెండూ కలిపి రేడియో సెట్టు.

వాడిది కోదాడలో ఇళ్ల వైరింగ్ పని. ఒక వాన రోజు హైవే మీద బండి జారి పడి కుడి భుజం దగ్గర నరాలు దెబ్బతిన్నాయి. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. చెయ్యి మోచేతి దాకా కొంత దారికి వచ్చింది గాని వేళ్లకు పట్టు రాలేదు. బొటనవేలు మాత్రం కాస్త ముందుకు పోతుంది. అప్పటి నుంచి వాడు ఇంట్లోనే ఉన్నాడు. మా మరదలు ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టి ఇల్లు నడుపుతోంది. ఎవరైనా సాయం పట్టబోతే వాడు లేచి వేరే గదిలోకి పోతాడు. అన్నం కలిపి పెడతానన్నందుకు మా అమ్మతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

ఆ ఆదివారం కోదాడ వెళ్లాను. మంచం మీద పొడవాటి రెక్క ఉంది. ఎడమ చేత్తో కోసిన అంచులు అలలు అలలుగా ఉన్నాయి. వీడియోలు చూసి చేశానని వాడు చెప్పాడు. బాగుందన్నాను. వంటింట్లోకి పోతే మరదలు గొంతు తగ్గించి, "వదినా, మీరన్నా వద్దని చెప్పండి," అంది. నాకు అర్థం కాలేదు. వాడు ఏదో ఒక పనిలో పడ్డాడని ఆమె సంతోషపడుతుందనుకున్నాను. "అది ఎగరకపోతే? కింద పడి విరిగిపోతే? మళ్లీ గోడ దిక్కు తిరిగి పడుకుంటాడు. ఆ నెలలు మీరు చూడలేదు, నేను చూశాను," అంది.

ఆ మాట విన్నాక రేడియో సెట్టు వెతకడం నాకు ఆటవస్తువు వెతకడంలా లేదు. చదివేకొద్దీ భయం పెరిగింది. రిమోటు మీద రెండు పుల్లలుంటాయి, స్టిక్కులంటారు. మన దగ్గర అమ్మేవాటిలో చాలావరకు ఎడమ స్టిక్కు మోటారు వేగానికి. మలుపులూ, పైకి ఎత్తడం, కిందికి దించడం అన్నీ కుడి స్టిక్కు మీదే. అంటే సున్నితమైన పనంతా కుడి బొటనవేలిదే. ఆ సంగతి వాడికి నాకంటే ముందే తెలుసు. నన్ను వెతకమన్నది అందుకే. కానీ వాడు ఆ మాట అనలేదు, నేనూ అనలేదు. అద్దంలో చూసినట్టు రెండు స్టిక్కుల పనులూ తారుమారు చేసుకునే ఏర్పాటు కొన్ని సెట్లలో ఉంటుందని చదివాను గాని, నిజంగా చేతికి పనికొస్తుందో లేదో పట్టుకుని చూడకుండా తెలియదు.

మా కాలేజీలో ఒకావిడ తన బంధువు గురించి చెప్పింది. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసులో పని చేస్తాడు, చాలా ఏళ్లుగా ఇలాంటి విమానాలు ఎగరేస్తాడు. ఫోన్ చేస్తే, రమ్మన్నాడు. నేను సూర్యాపేట నుంచి, తమ్ముడు కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వచ్చి మిర్యాలగూడ బస్టాండులో కలుసుకోవాలని అనుకున్నాం. నేను కోదాడకు వచ్చి తీసుకుపోతానంటే వాడు ఒప్పుకోలేదు. దెబ్బ తగిలాక ఒక్కడే బస్సెక్కడం అదే మొదటిసారి. రావలసిన బస్సు వచ్చింది, వాడు దిగలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. జనంలో ఒంటి చేత్తో రాడ్డు పట్టుకుని నిలబడి, డ్రైవరు బ్రేకు వేస్తే ఏమయ్యాడో అని బస్టాండంతా అటూ ఇటూ తిరిగాను. తర్వాతి బస్సులో దిగాడు. మొదటి బస్సు రద్దీగా ఉంటే వదిలేశాడట. ఉన్న ఒక్క చెయ్యి రాడ్డుకే సరిపోయింది, ఇంక ఫోన్ ఎలా తీస్తాడు.

మిల్లు సారు ఇంట్లో గోడ నిండా విమానాలు వేలాడుతున్నాయి. ఆయన తమ్ముడి చేతిని ఒకసారి చూసి, ఏమీ అడగకుండా రిమోటు ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. మెడకు తగిలించుకునే పట్టీ వేసి పట్టుకోమన్నాడు. వాడి కుడి బొటనవేలు స్టిక్కు మీద నిలవలేదు, జారిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. వాడు రిమోటును బల్ల మీద పెట్టేసి లేస్తాడని నాకు అనిపించింది.

సారు దాన్ని మెల్లగా తీసుకుని వెనక మూత విప్పాడు. ఒక స్టిక్కును వదిలితే మధ్యకు లాగే స్ప్రింగు తీసి ఇంకోదానికి తగిలించాడు. మూత బిగించి, తెర మీద ఏదో మార్చి, మళ్లీ వాడి మెడకు వేశాడు.

"ఇప్పుడు తిప్పుడు, లేపుడు అంతా నీ ఎడమ చెయ్యే. కుడి దిక్కు పవర్ ఒక్కటే. వదిలేసినా ఎక్కడిదక్కడ ఆగుతది," అన్నాడు. తర్వాత వాడి బొటనవేలు చూసి, "పైకి నెడతది సరే. కిందికి గుంజుతదా?" అన్నాడు.

"గుంజుతది," అన్నాడు తమ్ముడు.

వాడి ముఖంలోకి చూశాను. నిజం కాదని తెలుసు. కానీ ఆ క్షణాన కాదనడానికి నోరు రాలేదు.

ఇంకో జాగ్రత్త కూడా సారు చెప్పాడు. ఎప్పుడైనా రిమోటు మాట విమానానికి అందకపోతే మోటారు దానంతట అది ఆగిపోవాలి, ఆ అమరిక లేకుండా గాలిలోకి వదలొద్దు అని. తన విమానం ఒకదానికి ముక్కు దగ్గర తిరిగే ఫ్యాను తీసేసి మోటారు తిప్పి, రిమోటు ఆపేసి చూపించాడు. మోటారు టక్కున ఆగింది. ఇంటికి పోయాక ఎగరేసే ప్రతిసారీ ఇది చూసుకోమన్నాడు.

బ్యాటరీ దగ్గర మాత్రం తగువు వచ్చింది. తమ్ముడికి పెద్దది కావాలి, ఎక్కువసేపు గాలిలో ఉంటుందని. సారు పెద్దదీ చిన్నదీ వాడి ఎడమ అరచేతిలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. బరువు పెరిగితే విమానం వేగంగా దిగాలి, కొత్తవాడికి మెల్లగా దిగేదే కావాలి అని నచ్చజెప్పాడు. ఈ లైపో బ్యాటరీలకు ఫోన్ బ్యాటరీల్లా రక్షణ ఉండదనీ, పాడైతే అంటుకుంటాయనీ, ఎండలో బండి డిక్కీలో పెట్టొద్దనీ, ఉబ్బినదాన్ని, సొట్టపడినదాన్ని ఛార్జింగ్ పెట్టొద్దనీ, పెట్టినంతసేపూ పక్కనే ఉండాలనీ అన్నాడు. చిన్నవి రెండూ, ఆ రిమోటు సెట్టూ ఆయన దగ్గరే కొన్నాం. వాడు తల ఊపాడు గాని ముఖంలో ఒప్పుదల లేదు.

కొన్నాళ్లకు కోదాడ వెళ్లేసరికి పెద్ద బ్యాటరీ బల్ల మీద ఉంది. నాకు చెప్పకుండా ఆన్‌లైన్‌లో తెప్పించాడు. ఒక మూల చిన్న సొట్ట ఉంది. పంపేయమన్నాను. "కొంచెమే కదా అక్కా," అని వెనక వరండాలో ఇసుక పోసిన బకెట్ మీద పెంకు వేసి, బ్యాటరీని దాని మీద ఉంచి ఛార్జింగ్ పెట్టాడు. నేను అక్కడే కుర్చీ వేసుకున్నాను. కాసేపటికి దాని పొట్ట మెల్లగా పైకి లేస్తున్నట్టు అనిపించింది. నా భ్రమ అనుకున్నాను. మళ్లీ చూస్తే భ్రమ కాదు. పండిన పండు లాంటి తియ్యటి వాసన వచ్చింది.

తమ్ముడు నాకంటే ముందే లేచాడు. ఎడమ చేత్తో ప్లగ్గు పీకి, వంటింట్లోంచి పట్టకారు తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. బ్యాటరీని దాంతో పట్టుకుని ఇంటి పక్క సందులోంచి వాకిట్లోకి నడిచాడు. పక్కింటివాళ్లు ఇల్లు కడుతూ పోసుకున్న ఇసుక కుప్ప మీద దాన్ని పడేసి రెండడుగులు వెనక్కి వేశాడో లేదో, అది బుసకొట్టి తెల్లటి పొగ వదిలింది. ఆ తర్వాత మంట. చేటతో ఇసుక ఎత్తి పోశాను. మిషను ఆపి గడపలోకి వచ్చిన మరదలు అక్కడే నిలబడి చూసింది.

పొగ పూర్తిగా ఆగాక ఆమె, "ఇంట్లో ఇది వద్దు," అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

తమ్ముడు తలెత్తలేదు. ఇక ఖతం అనుకున్నాను నేను. రెక్క విరగకుండానే వాడు గోడ దిక్కు తిరుగుతాడని. కానీ వాడు లోపలికి పోలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని, "తప్పు నాదే. వదిలెయ్యమంటే వదిలేస్త," అని ఆమెతో అన్నాడు.

ఆమె మళ్లీ మిషను దగ్గరికి పోయింది. ఆ సాయంత్రం అన్నాలు తినేటప్పుడు చెప్పింది. చిన్న బ్యాటరీలే వాడాలి, అవీ బయట బట్టలుతికే బండ మీదే ఛార్జింగ్ పెట్టాలి, పెట్టినప్పుడు తను కూర్చుంటుంది. వాడు సరేనన్నాడు. మిషను దగ్గరి పని అటు తెచ్చుకుని, గుండీలు కుడుతూ బ్యాటరీకి కాపలా కూర్చునేదని వాడే నాకు తర్వాత ఫోన్లో చెప్పాడు. వాడేమో ల్యాప్‌టాప్‌కు రిమోటు తగిలించి, తెర మీది విమానాన్ని రోజూ పడేస్తూ, లేపుతూ ఎడమ చేతికి నేర్పుకున్నాడు.

ఎండాకాలంలో యాసంగి వరి కోతలయ్యాక, కోదాడకు దగ్గర్లోని అనంతగిరి పక్క మా చిన్నాన్న పొలంలో ఎగరేద్దామని అనుకున్నాం. తెల్లారగానే గాలి ఉండదు కదా అని పొద్దున్నే చేరుకున్నాం. వరి కొయ్యకాళ్లు చెప్పులకు గుచ్చుకుంటున్నాయి. పక్క పొలంలో ఎండుగడ్డి కట్టలు ఇంటెత్తు పేర్చి ఉన్నాయి. వాటిని చూడగానే నాకు ఇసుక కుప్ప మీది మంట గుర్తొచ్చింది. ఇంకాస్త దూరం పోదామన్నాను. ఆవల పక్క కరెంటు తీగలున్నాయి, ఇదే నయమన్నాడు తమ్ముడు.

రిమోటు ఆపి, మోటారు ఆగుతుందో లేదో చూశాడు. ఆగింది. మళ్లీ ఆన్ చేశాడు. విమానం విసరాల్సింది మరదలు. చీర కొంగు నడుముకు దోపుకుని పట్టుకుంది. వాడు బొటనవేలితో పవర్ పైకి నెట్టాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. ఆమె నాలుగడుగులు పరుగెత్తి వదిలింది.

విమానం నేలకు జారింది. కొయ్యకాళ్లకు తగులుతుందనగా ముక్కు లేపుకుని పైకి పోయింది. వాడు ఎడమకు తిప్పాడు. అది తిరిగింది. మా నెత్తి మీదుగా పోయింది. మరదలు చేతులు చెవుల మీద పెట్టుకుని చూస్తోంది. ఇంకో చుట్టు తిరిగింది. అప్పుడే ఎక్కడి నుంచి వచ్చిందో గాలి లేచింది. విమానం పక్కకు కొట్టుకుపోతూ గడ్డి కట్టల దిక్కు మళ్లింది. మోటారు ఫుల్లుగా ఉంది, ఎత్తు పెరుగుతోంది, దూరమూ పెరుగుతోంది. దించాలంటే పవర్ తగ్గించాలి. వాడి కుడి బొటనవేలు స్టిక్కు మీద వణుకుతోంది. కిందికి రావడం లేదు. ఎడమ చెయ్యి అటు తీద్దామంటే విమానం వదిలినట్టే.

నా చెయ్యి లేచింది. ఆగిపోయింది. అడగకుండా పట్టుకుంటే వాడేమంటాడో నాకు తెలుసు.

"అక్కా," అన్నాడు, కళ్లు ఆకాశం మీంచి తీయకుండా. "పవర్ తగ్గించు."

వాడి బొటనవేలి పక్కన నా వేలు పెట్టాను. "ఎంత?"

"సగం."

గుంజాను. మోత తగ్గింది. వాడు గాలికి ఎదురు తిప్పాడు. విమానం గడ్డి కట్టల పైనే నిలబడిపోయినట్టు ఊగి, మెల్లమెల్లగా మా దిక్కు రాసాగింది. అంతలో రిమోటు కీచుకీచుమని మొదలుపెట్టింది, విమానంలో బ్యాటరీ తగ్గిందని. "భయపడకు," అన్నాడు వాడు. నాకు చెప్పాడో, తనకు చెప్పుకున్నాడో. "కొంచెం పెంచు. చాలు. ఇప్పుడు మొత్తం తీసెయ్."

తీసేశాను. మోత లేకుండా అది మా ముందు నుంచి జారుకుంటూ పోయి, కొయ్యకాళ్లలో ముక్కు గుచ్చుకుని బోర్లా పడింది.

మరదలు అందరికంటే ముందు పరుగెత్తింది. దగ్గరికి పోయి ఆగి, కాసేపు దూరం నుంచే చూసి, అప్పుడు వంగి అరచేతి వెనక భాగంతో బ్యాటరీని తాకింది. "వేడి లేదు. బాగానే ఉంది," అని అరిచి చెప్పింది. ఫ్యాను రెక్క విరిగింది, అంతే.

గట్టు మీద కూర్చున్నాం. వాడు ఫ్యాను ఊడదీసి కొత్తది పెట్టుకుంటుంటే ఆమె విమానాన్ని కదలకుండా పట్టుకుంది. రెండో బ్యాటరీ సంచిలో ఉంది. వాడి చూపు దాని మీదే ఉంది. గాలి పెరుగుతోందని చెప్దామనుకున్నాను. నేను నోరు తెరవకముందే వాడు గడ్డి కట్టల దిక్కు ఒకసారి చూసి, "ఇయ్యాల్టికి సాలు. పోదాం పాండ్రి," అన్నాడు. నేనే ముందు లేచి సంచి అందుకున్నాను.

దారిలో మిల్లు సారుకు వాడే ఫోన్ చేసి, కుడి వేలు కిందికి గుంజదని చెప్పాడు. రిమోటు పైన ఎడమ చూపుడువేలికి అందే స్విచ్చు ఒకటి ఉంది, అది నొక్కితే మోటారు ఆగేలా పెట్టుకోవచ్చని ఆయన చెప్పాడు. ఆ రోజే పెట్టుకున్నాడు.

ఇప్పుడు గాలి లేని పొద్దుల్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే పోతారు. మొన్న ఒక రెక్క తుమ్మకంపకు తగిలి చీలిందట, టేపు వేశాడట. వైరింగ్ పనికి ఇంకా పోవడం లేదు. వేళ్లకు పట్టు వస్తుందో రాదో డాక్టరు కూడా గట్టిగా చెప్పడు. వారానికోసారి నేనే ఫోన్ చేస్తాను. ఒక్కోసారి వాడు మాట్లాడుతాడు, ఒక్కోసారి పని ఉందని పెట్టేస్తాడు.