ఉప్పునీళ్ళూ కోడి ఈకా

మా అత్తమ్మ నర్సింహమ్మను ఒక మాటకు ఒప్పించడం కంటే బర్రెకు సైకిల్ నేర్పడం నయం. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి చూస్తున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనుషులను మీరూ చూసి ఉంటారు. మా అత్తమ్మకు ఆ నాలుగో కాలు పట్టుకొని చూపిస్తే, "అది కాలు గాదు పిల్లా, తోక" అంటుంది.

మాది గుమ్మడిదల దగ్గర ఒక ఊరు. ఉన్న పొలంలో కొంత అమ్మగా కొంత మిగిలింది. మిగిలినదాని చుట్టూ మందుల కంపెనీల గోడలు లేచాయి. గాలి మా వైపు తిరిగిన పొద్దున ముక్కు మండే వాసన ఇంట్లోకి వస్తుంది. అటువంటి పొద్దున మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. అత్తమ్మ ఇంటిల్లిపాదినీ వెనక వాకిట్లో నిలబెట్టి, తలా ఒక చెంబు గోరువెచ్చని ఉప్పునీళ్ళు తాగించి కక్కిస్తుంది. కొత్త కోడలికి ఎవరింట్లోనైనా చాయ్ ఇస్తారు. నాకు మొదటి వారంలోనే ఉప్పునీళ్ళ చెంబు ఇచ్చింది.

"వాసన ముక్కులకు గదా పోయేది అత్తమ్మా, కడుపులకు కాదు గదా!" అన్నాను.

"ముక్కుకూ కడుపుకూ నడుమ గోడ కట్టిండ్రా ఏంది? తాగు."

తాగాను. ఏం చేస్తాను?

దీనికంతటికీ మూలం మా ఆయన శ్రావణ్‌కుమార్. ఆయన నడక నేర్చిన కొత్తలో, చేను గట్టు మీద పత్తికి కొట్టే పురుగుమందు కలిపిన బకెట్లో చెంబు ముంచి తాగేశాడట. మగవాళ్ళు దగ్గర లేరు, బస్సు లేదు. అత్తమ్మ పిల్లవాడి నోట్లో ఉప్పునీళ్ళు పోసి, కోడి ఈకతో గొంతులో గెలికి, తన చేతుల్లోకే కక్కించి, భుజాన వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తింది. పిల్లవాడు బతికాడు. ఏ మందో తెలియకుండా అలా కక్కించడం ప్రమాదమని ఇప్పుడు డాక్టర్లు అంటారు. అదృష్టం బాగుండి బతికాడని నేనూ అంటాను. అత్తమ్మ ముందు మాత్రం అనను. ఆ రోజు నుంచి ఆమెకు లోకంలో ఒకటే వైద్యం. కడుపు నొచ్చినా కక్కెయ్యాలి, తల తిరిగినా కక్కెయ్యాలి, పక్కింటివాళ్ళతో కొట్లాడి వచ్చినా కక్కెయ్యాలి.

ఇటువంటి మనిషికి రొమ్ములో గడ్డ వచ్చింది. పట్నంలో ఆపరేషన్ చేశారు. మత్తుమందుకు వాంతులు కాకుండా సూది ఇచ్చారు. వాంతి కాలేదు. మిగతా పేషెంట్లు దానికి సంతోషిస్తారు. మా అత్తమ్మ మాత్రం, "మత్తు లోపల్నే ఉండిపోయింది, గందుకే తల తిరుగుతుంది" అని ఊరికి వచ్చాక కూడా కనిపించిన వాళ్ళకల్లా చెప్పింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

తర్వాత కీమో మొదలైంది. వార్డులో నర్సు నాగేశ్వరి గారు, గోదావరి జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి రామచంద్రాపురంలో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది, ముందుగా వాంతులు ఆపే సూది మందు సీసా తీసింది. మా ఆయన దాని మీది పేరు చూసి, వాళ్ళమ్మ వైపు తిరిగి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"అవ్వా! ఇది మా కంపెనీదే! నా కండ్ల ముందటికెళ్ళే పోయి ఉంటది!"

ఆయన ఉద్యోగం అదే. సూది మందు సీసాలను దీపం వెలుగులో, ముందు నల్ల అట్టకు ఎదురుగా, తర్వాత తెల్ల అట్టకు ఎదురుగా పట్టుకొని, లోపల నలక గానీ వెంట్రుక గానీ ఉందేమో చూడాలి. ఉంటే పక్కన పడెయ్యాలి. రోజంతా అదే చూపు. ఇంటికొచ్చి నా ముఖం వంక కూడా అలాగే చూస్తాడు.

సూది ఇచ్చాక నాగేశ్వరి గారు చేతులకు దళసరి తొడుగులు, ముఖానికి మాస్కు, మీద ఏప్రన్ వేసుకొని ఎర్రగా ఉండే కీమో మందు సంచీ తెచ్చి తగిలించింది. అత్తమ్మ కళ్ళు ఆ తొడుగుల మీదే ఉన్నాయి.

"గవి ఎందుకు బిడ్డా చేతులకు?"

"చర్మం మీద పడితే మంచిది కాదండి, చాలా ఘాటు మందు. మీకేం భయం లేదు, నరంలోకే కదా వెళ్ళేది" అంది ఆ మహాతల్లి నవ్వుతూ. అత్తమ్మ ఇంకేమీ అడగలేదు. ఆమె ఏమీ అడగలేదంటే భయపడాలని ఇన్నేళ్ళ కాపురంలో నేను నేర్చుకోవద్దా!

మర్నాటి పొద్దున నుంచి వాంతులు. అలా ఇలా కాదు. బాత్రూంలోంచి ఆ శబ్దం వంటింటి దాకా వినిపించేది. కీమో రాసే డాక్టర్ అంకిత రెండోసారికి ఇంకా గట్టి సూది మార్చింది, ఇంటి దగ్గర వేసుకోవడానికి మాత్రలూ రాసింది. అయినా అదే తంతు. మనిషి చిక్కి సగమైంది. జాకెట్లు నేనే కుట్లు విప్పి మళ్ళీ కుట్టాను. మా ఆయన సంగతి ఇంకా ఘోరం. తన కంపెనీ సూది అమ్మకు పనిచెయ్యలేదని లోలోపల కుమిలిపోయాడు. డ్యూటీలో ప్రతి సీసాలోనూ ఆయనకు నలకే కనిపించసాగింది. బాగున్నవాటిని కూడా పక్కన పడేస్తుంటే సూపర్‌వైజర్ పిలిచి, కళ్ళు చూపించుకొని రమ్మన్నాడట. కళ్ళకేం కాలేదు.

మూడోసారి మందు ఎక్కించడానికి వెళితే డాక్టర్ రక్తం రిపోర్టు చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇన్ని వాంతులయ్యే మనిషికి ఒంట్లో ఉప్పు ఇంత ఎక్కువుందేంటి? ఇది ప్రమాదం. ఈ పరిస్థితిలో డోసు ఇవ్వలేను, ఒక వారం చూద్దాం. ఇలాగే ఉంటే వైద్యం ఆపాల్సి వస్తుంది. మధ్యలో ఆపితే జబ్బు మళ్ళీ లేస్తుంది. ఇంట్లో వంటలో ఉప్పు ఎక్కువ వేస్తారా?"

నేను నోరు తెరిచేలోపే మా అత్తమ్మ, పక్కన కూర్చొని, అమాయకంగా, "కోడలు జెర ఎక్కువనే ఏస్తది మేడం. చిన్న పిల్ల, అందాజ ఎరుక లేదు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నేను! వంటకు పేరున్న సంగారెడ్డి ఇంటి ఆడపిల్లను! మా మామ మొగులయ్య వంక చూశాను, ఒక్క మాట సాయం వస్తాడేమోనని. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కల వంక చూస్తున్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఉప్పు బంద్. పప్పులో లేదు, చారులో లేదు, అన్నంలోకి పచ్చడి లేదు. మా ఆయన గడ్డి నమిలినట్టు నమిలి డ్యూటీకి పోతున్నాడు. ఇంత చేసినా వాంతులు తగ్గలేదు. పైగా డబ్బాలో ఉప్పు మాత్రం తగ్గుతోంది. కొత్త ప్యాకెట్ విప్పి పోశాను. అదీ అడుగంటింది. ఎవరిని అడిగినా మాకు తెలియదంటారు. అంతా శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాయం.

డబ్బా అడుగంటిన మర్నాడు పొద్దున మామ రోజూలాగే బాత్రూం ముందు కుర్చీ వేసుకొని, ఫోన్లో భజన పాటలు గట్టిగా పెట్టుకొని కూర్చున్నాడు. భార్యకు జబ్బు చేశాక ఆయనకు భక్తి పెరిగిందని అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఉప్పు సంగతి అడుగుదామని దగ్గరికి వెళ్ళేసరికి దొంగకు తేలు కుట్టినట్టు లేచి, పాట ఇంకా పెద్దగా పెట్టాడు.

"జరుగు మామా."

"లోపట మీ అత్తమ్మ ఉన్నది బిడ్డా..."

"ఉన్నదని ఎరుకనే. జరుగు."

తలుపు తోశాను. అత్తమ్మ గోడకు చేరబడి నేల మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో చెంబు. రెండో చేతిలో కోడి ఈక. పక్కింటి కోళ్ళు మా దొడ్లో రాల్చిన ఈక! ఇన్ఫెక్షన్ తగలకూడదని నేను ఆమె గ్లాసు వేరు, కంచం వేరు పెట్టి, తువ్వాలు కూడా మరగబెట్టి ఉతుకుతుంటే, ఈమె కోడి ఈక తెచ్చి గొంతులో గెలుక్కుంటోంది.

నేను నోటికి వచ్చినట్టు అరిచాను. దాచుకోవడం ఎందుకు, చాలా అరిచాను. ఆమె ఆయాసం తీర్చుకొని, తీరిగ్గా మూతి తుడుచుకుంది.

"అయిపోయిందా? ఇగ నేను చెప్పేది ఇను. గా మందును చేతుల పట్టుకోనీకే వాళ్ళకు తొడుగులు గావాలె. గంత విషం నా నరంల పోస్తుండ్రు. పొయ్యనీ, రోగం సావాలె గదా. రోగాన్ని సంపినంక అది బయటికి పోవద్దా? వాళ్ళేమో ముందుగాలనే సూది ఇచ్చి బిరడా పెడ్తుండ్రు! విషం నింపి బిరడా పెడితే సీసకు నడుస్తది, మనిషికి నడుస్తదా?"

"నరంల పోసింది నోట్లెకెళ్ళి ఎట్ల వస్తది అత్తమ్మా! అన్నం, నీళ్ళు పోయి సచ్చిపోతున్నవ్! ఆడ నీ కొడుకేమో మా కంపెనీ సూది పనిచేస్తలేదు, నా కండ్లు తప్పు జూసినయని తిండి మానేసిండు!"

అప్పుడు అంది మా అత్తమ్మ. చెంబు కింద పెట్టి, ఎంతో కోపంగా అంది.

"వాని సూదికి ఏమైందే? మంచిగ పనిచేస్తుంది! రెండు చెంబులు తాగినా వస్తలేదు. సస్తున్న. గందుకే గదా ఈక!"

వెనక నుంచి మామ నెమ్మదిగా, "అవును బిడ్డా, మునుపైతే సగం చెంబుకే వస్తుండె" అన్నాడు. ఆయన వంక ఒక చూపు చూశాను. భజన ఆగిపోయింది.

ఈకను పొయ్యిలో పడేసి, ఉప్పు డబ్బాను అలమారాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చాక అంతా చెప్పాను. ఇల్లెగిరిపోయేలా అరుస్తాడనుకున్నాను. ఆయన వెళ్ళి అమ్మ మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"అవ్వా, ఆ దినం నాతోని కక్కించినవ్, నేను బతికిన. ఇప్పుడు నువ్వు కక్కుతున్నవ్, నువ్వు పోతవ్. డాక్టరమ్మ ఇగ మందు ఇయ్యనంటుంది. నాకు అవ్వ గావాలె."

"భయమైతుంది రా," అంది అత్తమ్మ. ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. "లోపట పెట్టుకొని ఎట్లుండాలె?"

"ఉండాలె. ఈ ఒక్కసారి ఉండి సూడు."

అత్తమ్మ లేచి కూర్చొని, "గా సూది నువ్వు సూసి ఇస్తేనే. నా ముందట సూడాలె, కంపెనీల జూసినట్టు," అంది. ఇదిగో, కుందేలుకు మళ్ళీ మూడే కాళ్ళు!

ఉప్పునీళ్ళు మానిన వారంలోనే రక్తం రిపోర్టు దారికొచ్చింది. డాక్టర్‌కు జరిగింది చెబితే, ఆగిపోయిన మూడో డోసు రాసి, దాని కింద 'ఉప్పునీళ్ళు తాగరాదు' అని గీత గీసి మరీ రాసింది. వార్డులో మా ఆయన సీసా అడిగితే నాగేశ్వరి గారు ఒప్పుకోలేదు.

"అలా ఇవ్వకూడదండీ."

"ఇయ్యి బిడ్డా. లేకుంటే ఇంటికి పోత," అంది అత్తమ్మ, చెప్పులు వెతుక్కుంటూ.

"సరే, మూత తియ్యకుండా చూసి ఇచ్చెయ్యండి," అంది ఆమె విసుక్కుంటూ. ఆమెను చూస్తే నాకు జాలేసింది, అత్తమ్మ మొండితనానికి బలయ్యేవాళ్ళలో నాకొక తోడు దొరికింది.

మామ తన తెల్ల రుమాలు విప్పి రెండు చేతులతో చాపి పట్టుకున్నాడు. నేను నా నల్ల హ్యాండ్‌బ్యాగ్ ఎత్తి పట్టుకున్నాను. వార్డులో వాళ్ళంతా ఏదో పూజ అనుకొని చూస్తున్నారు. మా ఆయన సీసాను కిటికీ వెలుగులో నెమ్మదిగా తిరగేసి, నలుపు ముందు చూశాడు, తెలుపు ముందు చూశాడు.

"ఒక్క నలక లేదవ్వా."

"పెట్టుమను ఇగ బిరడా," అని అత్తమ్మ చెయ్యి చాపింది.

మర్నాడు పొద్దున ఆమె మంచం మీద, రెండు చేతులతో కడుపు గట్టిగా పట్టుకొని కూర్చుంది. మామ అలవాటుగా భజన పెట్టబోతే, "బంద్ చెయ్యి ముసలోడా!" అని కసిరింది. వాంతి వస్తోందా అని అడిగాను.

"వస్తలేదు. గదే భయం. నువ్వు జెర ఈడనే కూసో."

కూర్చున్నాను. నా చెయ్యి పట్టుకుంది, గాజులు నొక్కుకుపోయేంత గట్టిగా. ఒక పొద్దంతా అలా ఉంది. ఎండ వాకిట్లోంచి గడప దాటాక చెయ్యి కొంచెం సడలించి, "ఆకలైతుందే" అంది, తనకే నమ్మకం లేనట్టు.

ఉరికి వెళ్ళి అన్నం మెత్తగా పిసికి, పెసరపప్పు కలిపి తెచ్చాను. ఒక ముద్ద తింది. రెండో ముద్ద తింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. మూడో ముద్దకు ముఖం చిట్లించింది. మా ఆయన బకెట్ కోసం లేచాడు.

"ఏందే నిషితా, పప్పుల ఉప్పే లేదు!"

ఇంట్లో ఉప్పంతా నువ్వే తాగితివి గదమ్మా, డాక్టర్ ముందు నా పరువు తీస్తివి గదమ్మా అని అనాలని నోటిదాకా వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి, బొడ్లోంచి తాళంచెవి తీసి, చిటికెడు ఉప్పు తెచ్చి ఆమె కంచంలో వేశాను.