అలెగ్జాండరూ, నా గురుహోరా

ప్రపంచాన్నంతా జయించాలని బయలుదేరిన అలెగ్జాండర్ మా కోనసీమ దాకా రాలేకపోయాడు. సింధునది దాటి కొంతదూరం వచ్చేసరికి సైనికులు ఇంటి మీద బెంగ పెట్టుకుని ఆయన్ని వెనక్కి లాక్కుపోయారట. ఆ విషయంలో నేనెప్పుడూ నిశ్చింతగానే ఉండేదాన్ని. తీరా చూస్తే ఆయన ఎప్పుడో వచ్చి నా నాలుక మీదే పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ సంగతి విరోధి నామ సంవత్సర ఉగాదినాడు, ఒమాన్‌లోని నిజ్వాలో, అరవైమంది తెలుగువాళ్ళ ఎదుట బయటపడింది. పేరుకు తగ్గ సంవత్సరం. ఆ రోజు నా పరువు కంచికి కాదు, ఏకంగా గ్రీసు దేశానికే వెళ్ళింది.

నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాను. బడికి కాలవ దాటి వెళ్ళాలి, ఆడపిల్లని బల్లకట్టు ఎక్కించనని మా నాయనమ్మ పట్టుపట్టింది. అందుకని మా తాతయ్యే అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలూ, శ్లోకాలూ, పంచాంగం చూడడమూ నేర్పారు. ఆయన చలవ వల్లే నిజ్వాలో నాకంటూ ఓ చోటు దొరికింది. మిగతా ఆడవాళ్ళలో ఒకరు టీచరు, ఒకరు నర్సు, ఒకరు బ్యాంకు. ఏడాది పొడుగునా నేను 'ఇంజనీరుగారి భార్య'ని. ఉగాదినాడు మాత్రం పీట మీద కూర్చుని పంచాంగం చదివే కామేశ్వరిగారిని. ఆ ఒక్క గంట కోసం స్వామికి మిగతా ఏడాదంతా దణ్ణాలు పెట్టుకునేదాన్ని.

అలాంటి చోటికి నీరజ దిగింది. హైదరాబాదు అమ్మాయి, చరిత్రలో ఎమ్మే, ఇండియన్ స్కూల్లో సోషల్ టీచరు. వచ్చిన ఆర్నెల్లకే అరబ్బీలో కబుర్లాడేది. నేను పచ్చడికి వేపపువ్వు కోసం ఊరంతా గాలిస్తుంటే, తోటలున్న ఒమానీ స్నేహితురాలితో చెప్పి సంచీ నిండా తెప్పించి, "మీకోసమే అక్కా" అని నా చేతుల్లో పెట్టింది. చెడ్డదైతే సుఖంగా తిట్టుకునేదాన్ని. మంచిది కూడా కావడంతో నా కడుపుమంటకు పొగ పోయే దారి లేకుండా పోయింది.

ఉగాదికి వారం ముందు, మా అందరికీ పెద్దదిక్కైన రావుగారు నీరజని వెంటబెట్టుకొచ్చి, మా ఇంట్లో పులిహోర తింటూ ప్రకటించారు.

"ఈసారి పంచాంగానికి ముందు నీరజ ఒక పావుగంట మాట్లాడుతుందమ్మా. గ్రీకులు మన మీద వేసిన ముద్ర గురించి."

"పండగపూట గ్రీకులెందుకండీ, పిలవని పేరంటంలా?" అన్నాను.

"వాళ్ళ ఓడలు సింధు నుంచి పోతూ ఈ ఒమాన్ కొసని దూరం నుంచి చూసినయక్కా," అంది నీరజ ముచ్చటగా.

"చూసి పోయారు కదా. ఇంక ముద్రేమిటి?"

"రాజులు పోయిన్రు, మాటలు ఉండిపోయినయి. మన భాషలో కూడా ఉన్నయి."

"పిల్ల ఎంత చక్కగా చెబుతోందో," అన్నారు మావారు, నా పులిహోర నములుతూ. ఇరవయ్యేళ్ళ కాపురంలో నన్ను ఆ మాట అన్న పాపాన పోలేదు. తిండి ఇక్కడ, మెచ్చుకోలు అక్కడ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూడమ్మా నీరజా. నేను పంచాంగం పూర్తిగా చదువుతాను. ఒక్క గ్రీకు మాట నా నోట వచ్చిందని చూపించు. వచ్చే ఏడు నా పీట నీది. ఏడాది పాటు శుక్రవారం శుక్రవారం నీ ఇంటికి పులిహోర కూడా నాదే."

"ఎందుకక్కా ఈ పంతం? వద్దు."

"భయమా?"

"భలే," అన్నారు రావుగారు. "ఈసారి ఉగాది పచ్చడిలో కారం తక్కువవుతుందనుకున్నాను, ఇదిగో కుదిరింది."

వాళ్ళు వెళ్ళగానే మావారిని నిలదీశాను. ఇంగ్లీషు నిఘంటువు తిరగేసి ఆయన టెలిఫోనూ, ఫోటోనూ గ్రీకు మూలాలవేనని తేల్చారు. ఆ వారమంతా నేను ఆ రెంటినీ ముట్టలేదు.

"ఏమండీ, అది మోగుతోంది."

"ఏది?"

"అదే, గోడ పక్కన. చెవిలో పెట్టుకునేది."

"ఫోనా?"

"మీరనండి, నేననను."

ఆవిధంగా ఇంగ్లీషు వీధి తలుపుకు గడియ మీద గడియ వేశాను. సంస్కృతం పెరటి తలుపు బార్లా తెరిచి ఉందని, ఆ దారిన యవనులు ఎప్పుడో వచ్చి వంటింట్లో విస్తర్లు వేసుకున్నారని నాకేం తెలుసు?

ఉగాది శుక్రవారం వచ్చింది. రావుగారి హాలు కిటకిటలాడింది. పట్టుచీర కట్టుకుని, తాతయ్యని తలుచుకుని పీట మీద కూర్చున్నాను. నీరజ తన ఉపన్యాసం అయిదు నిమిషాల్లో ముగించేసి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఓడిపోతానని తెలిసే తగ్గిందనుకుని జాలిపడ్డాను కూడా.

"రావుగారూ, పదయింది. గురుహోర ప్రవేశించింది. పదిన్నరకు రాహుకాలం వచ్చేస్తుంది, మొదలుపెడతాను," అన్నాను గంభీరంగా.

నీరజ ఒక వేలు మడిచింది. ఇంకా పుస్తకం తెరవనేలేదు.

తిథి, వారం, నక్షత్రం, కందాయ ఫలాలు, అన్నీ చదివాను. చివర్లో ఉత్సాహం పట్టలేక తాతయ్య మాట ఒకటి కలిపాను. "గురుడు కేంద్రంలో ఉంటే లక్ష దోషాలు పోతాయి."

రెండో వేలు మడిచింది. చప్పట్లు మోగాయి. అక్కడితో లేచి పచ్చడి తిని ఉంటే ఈ కథే లేదు. ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు పెద్దలు. ఊరుకుంటే అది అసూయ ఎలా అవుతుంది?

"ఏమ్మా నీరజా, ఎన్ని దొరికాయి?"

"పోనీయండక్కా, పండగపూట."

"చెప్పాలి. అందరూ వినాలి."

"హోర, అక్కా. గ్రీకుల మాటే. ఇంగ్లీషు అవర్ కూడా అక్కడినుంచే వచ్చింది."

నేను పకపకా నవ్వాను. "పిచ్చిపిల్లా, అహోరాత్రంలో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే మిగిలేది హోర. మా తాతయ్య చెప్పారు."

"అట్ల కూడా అంటరక్కా, మీ తాతగారు చెప్పింది పెద్దల మాటే. అది వదిలేద్దాం. మరి కేంద్రం? వాళ్ళ కెంత్రాన్ మనకు కేంద్రం అయింది. జ్యోతిషంతో పాటే వచ్చింది."

"కేంద్రమా?" అన్నారు రావుగారు. "అయితే ఇన్నాళ్ళూ ఢిల్లీలో ఉన్నది గ్రీకు ప్రభుత్వమా?"

హాలంతా గొల్లుమంది. కేంద్రాన్ని ఏ అక్షరాలు తీసి రక్షించాలో తోచలేదు. ముందూ వెనకా తీసేస్తే మిగిలేదేమీ లేదు. చెయ్యెత్తి అందరినీ ఆపాను.

"ఉండండి. ఒక్క లిప్తపాటు ఆగండి, ఆలోచించుకుని చెబుతాను."

నీరజ తల వంచుకుంది. మూడో వేలు మెల్లగా మడుచుకుంది.

"ఇప్పుడేమన్నానే?"

"లిప్త, అక్కా," అంది, ఏడుపు ఆపుకుంటున్నట్టు నవ్వు ఆపుకుంటూ. "అదీ వాళ్ళదే."

అందరికన్నా ముందు నవ్వింది మావారు. ఆయన్ని ఇంకా క్షమించలేదు.

మాట ఇచ్చాను గనక శుక్రవారం శుక్రవారం పులిహోర మోసుకెళ్ళాను. మొదటి వారమే నీరజ పంచాంగం తెచ్చి నా ముందు పెట్టింది.

"పీట గెలిచిన గానీ చదవనీకి రాదక్కా. వర్జ్యం ఎట్ల చూస్తరో కూడా తెల్వదు. మీరే నేర్పాలి."

జయించినవాళ్ళు ఓడినవాళ్ళ దగ్గర చదువుకోవడం పాత అలవాటేనట. నాకు తెలిసిందంతా నేర్పాను. మరుసటి ఉగాదికి నా పీట మీద కూర్చుని నాకంటే బాగా చదివింది. తాతయ్య విరుపులు కూడా వచ్చాయి. "ఇది కామేశ్వరక్క పెట్టిన భిక్ష" అని అందరి ముందూ చెప్పింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందులో సగం ఆనందం. తక్కిన సగం ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. తాతయ్య చదువు ఇంకో నోట్లోకి వెళ్ళినందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను, కాస్త ఆలస్యంగానే అయినా.

ఒక్క సందేహం మాత్రం మిగిలిపోతే ఆ రోజే అడిగేశాను. "నిజం చెప్పు నీరజా. పులిహోరలో హోర కూడా వాళ్ళదేనా?"

"కాదక్కా. అది మాత్రం అచ్చంగా మీదే," అంది, రెండోసారి వడ్డించుకుంటూ.

కాబట్టి అందరి సమక్షంలో, దేవుడి పటం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒకరి మీది అసూయతో ఏ పందెమూ కాయను, నా నోట్లో ఎవరెవరున్నారో లెక్కతేలకుండా నోరు తెరవను. ఈ ఒట్టు ఉత్త ఒట్టు కాదు. మంచి హోర చూసుకుని మరీ పెట్టుకున్నది.