బాపు బండి చప్పుడు లేకుండా వచ్చిన సాయంత్రం

ఆ కాలంలో ఉప్పల్‌లో చప్పుళ్ళు తక్కువ. ద్రాక్షతోటల అవతల నుంచి వచ్చే బండి ఎవరిదో ఇంట్లో కూర్చుని చెవితోనే చెప్పేవాళ్ళం. మా బాపు బండి సంగతైతే చెప్పక్కర్లేదు. మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న పాత మోటారుసైకిలు అది. ఇంజను లోపల తిరిగే క్రాంకుకు ఆసరాగా ఉండే బేరింగులు ఎప్పుడో అరిగిపోయి, లోపల ఎవరో కారం దంచుతున్నట్టు దడదడలాడేది. ఆ దడదడ నాచారం దాటగానే మా ఇంటికి వినిపించేది (కొంచెం ఎక్కువ చెప్తున్నానేమో, మా అక్క మాత్రం ఇప్పటికీ అంతే అంటుంది). వెంటనే అక్క రేడియో కట్టేసేది, తమ్ముడు పేకముక్కలు చాప కిందికి తోసి పుస్తకం పట్టుకునేవాడు, అమ్మ పక్కింటావిడతో ముచ్చట సగంలో తుంచేసి పొయ్యి దగ్గరికి పరిగెత్తేది. బాపు ఎప్పుడూ చెయ్యి చేసుకున్న మనిషి కాదు, ఊరికే చూస్తాడు. ఆ చూపు మీద పడకముందే ఎవరి పనిలో వాళ్ళం తల దూర్చేసేవాళ్ళం.

నేనప్పుడు నాచారంలో ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌ని. బాపు నోటి నుంచి ‘మంచిగ జేసినవ్’ అన్న మాట ఒక్కసారి వినాలని మహా ఆశ. అందుకే బేరింగులు నేను మారుస్తానన్నాను. “నీకొస్తదా?” అన్నాడు బాపు. “వస్తది బాపు” అన్నాను (రాదు). ఇంజను మొత్తం విప్పి, రాణిగంజ్‌లో కొత్త బేరింగులు కొని తెచ్చాను. సుత్తితో కొట్టొద్దు, ఇంజను డొప్పను వేడి చేసి, బేరింగును ఐసులో పెట్టి వెయ్యమని ఫ్యాక్టరీలో చెప్పారు. “వంకాయ కాల్చే కుంపటి మీద ఇంజను కాలుస్తవారా?” అని అమ్మ మొత్తుకుంటూనే ఉంది. చల్లటి బేరింగును వేడి డొప్పలో ఇలా పెట్టానో లేదో, దానంతటదే జారి కూర్చుంది. సుత్తి చేతిలో పట్టుకుని అయోమయంగా నిలబడిపోయాను. ఇంత సులువుగా అయిందంటే ఎక్కడో తప్పు చేసే ఉంటానని అనుమానం. అన్నీ బిగించి కిక్కు కొడితే ఇంజను పిల్లికూనలా గురగురలాడింది. బాపు తల వంచి విని, ఏమీ అనకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రేడియో గట్టిగా మోగుతోంది. తమ్ముడు చాప మీద పేకముక్క విసిరి కేక పెట్టాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని బాపులా నడిచి చూపిస్తుంటే, అమ్మా పక్కింటావిడా కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో బాపు. అక్క రేడియో కట్టేసింది. పక్కింటావిడ గోడవారగా జారుకుంది.

బాపు మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. అది రోజూ చూసే చూపు కాదు. “నేనొస్తెనే ఎందుకే ఇట్ల అందరి నోళ్ళు బందైతయ్?” అని అమ్మను అడిగాడు. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి గిన్నె మూత తీసి చూసింది. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే అందరూ నా మీద పడ్డారు. “పాతవే బిగియ్యిరా!” అని అక్క. “మంచిగున్న బండిని ఖరాబు జేసినవ్ కదరా” అని అమ్మ. నేను బాగుచేశానో పాడుచేశానో నాకే తెలియలేదు.

మర్నాడు సాయంత్రం దూరం నుంచి హారన్ మోగడం మొదలైంది. కుక్క కూడా లేని ఖాళీ రోడ్డు మీద, మా ఇంటిదాకా ఆగకుండా మోగింది. బాపు లోపలికి వచ్చేసరికి ఎవరి పుస్తకం వారి చేతిలో ఉంది. చెప్పులు విడుస్తూ నా వైపు చూడకుండానే, “బండి మంచిగ జేసినవ్ రా” అన్నాడు. అన్నాళ్ళుగా ఎదురుచూసిన మాట. వింటే ఎందుకో ఏడుపొచ్చింది. ఖాళీ రోడ్డు మీద ఆ హారన్ ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు నా కారు ఇంటి ముందు ఆగినా లోపలివాళ్ళకు వినబడదు. గేటు దగ్గర నేనొకసారి గట్టిగా దగ్గుతాను, లోపల నవ్వులు ఆగుతాయి. కాకపోతే దగ్గే ముందు, చీకట్లో కాసేపు నిలబడి వింటాను.