గట్టు మీది తీతువు గుడ్లు

మా నాన్న తీతువు పిట్టను తప్ప ఎవరినీ నమ్మేవాడు కాదు. ఆ పిట్ట పల్లపు చేలో గుడ్లు పెడితే ఆ ఏడు వానలు తక్కువ, గట్టెక్కి పెడితే చేలు మునిగేంత వానలు అని మా ఉద్దానం రైతుల నమ్మకం. మాకు పల్లంలో ఒక చేను, మెట్టన ఒక చేను. విత్తనాలు మాత్రం ఒక్క చేనుకే చాలేవి. ఎక్కడ చల్లాలో పిట్టే చెప్పాలి.

ఆ ఏడు గట్టు మీద నాలుగు గుడ్లు కనిపించాయి. నాన్న వంగి చూశాడు. తీతువు గుడ్ల మొనలు ఎప్పుడూ లోపలికి తిరిగి ఉంటాయి. ఇవి తలో దిక్కుకీ ఉన్నాయి.

“పిట్ట పెట్టినట్టు నేదు. మనిసి సెయ్యి పడింది,” అన్నాడు.

ఆ మనిషెవరో తేల్చుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. పక్క చేను మా మేనమామది. మా పల్లపు చేను పంటలో వాటా లెక్కన పాలుకిమ్మని అడిగితే నాన్న ఇవ్వలేదు.

“వానకి బయపడి నేనొగ్గేత్తే ఆడు దున్నుకుందామని సూత్తన్నాడు.”

పిలిపించి అడిగాడు. మావ ఒక్కసారి అమ్మవైపు చూసి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. తప్పు చేయకపోతే తలెందుకు వంచుతాడు? నేనూ అలాగే అనుకున్నాను. నాన్న పంతానికి పల్లంలోనే చల్లాడు. ఆ ఏడు వాన ఎక్కువా కాదు, తక్కువా కాదు, పంటా అంతే. రెండిళ్ళకూ మాటలు మాత్రం పోయాయి. వేసవిలో మావ పనసపండు పంపితే, అందులో ఏం పెట్టాడోనని నేనే తిప్పి పంపేశాను. తన అన్న గుమ్మం తొక్కకుండానే అమ్మకు జుట్టు నెరిసింది.

నాన్న పోయిన పన్నెండో రోజున మావ వచ్చాడు. అమ్మ ఆయన ముందు కూలబడి ఏడ్చింది.

“అన్నా, గొడ్లు తొక్కేత్తాయని ఆ గుడ్లు పల్లంలోంచి గట్టు మీదకి నేనే మార్సేను. బయమేసి సెప్పనేదు.”

“తెలుసమ్మా. గట్టవతల నుంచి సూసేను. సెప్తే బావ నిన్ను గెంటీసీవోడు,” అన్నాడు మావ.

తర్వాత వడ్డిస్తున్న నావైపు తిరిగాడు.

“పనసపండు తెచ్చేను. ఈసారైనా తింతావేటే?”

నేను తలెత్తలేకపోయాను.